అమ్మమ్మ కుడిచెయ్యి

పోయిన పెత్రమాసకు రామన్నపేట వెళ్లాను. తెలంగాణ వాళ్లకు చెప్పనక్కర్లేదు, మిగతావాళ్ల కోసం ఒక మాట. బతుకమ్మ మొదలయ్యే అమావాస్య అది. పొద్దున పెద్దల పేరు మీద అయ్యగారికి బియ్యం ఇస్తాం, సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ ఆడతాం. పొద్దునంతా పోయినవాళ్ల పని, పొద్దు గుంకేసరికి పూల పని. రెండూ ఒకే రోజు ఎవరు పెట్టారో గానీ, ఆ రోజు ఇంట్లో ఆడవాళ్లకు కూర్చుని ఏడవడానికి మాత్రం తీరిక దొరకదు.

హైదరాబాదు నుంచి విజయవాడ రోడ్డు మీద చౌటుప్పల్ దాటి, చిట్యాలలో ఎడమకు తిరిగితే మా ఊరు. మామ బియ్యం ఇచ్చి వచ్చాడు. అత్తమ్మ, నేను, మా అమ్మ కలిసి గారెలు వేశాం. తిన్నాక మామ నిచ్చెన వేసుకుని అటక మీది సామాను దించడం మొదలుపెట్టాడు. దసరా వెళ్లాక గూనపెంకల ఇల్లు విప్పి స్లాబు ఇల్లు కడతాడట. సొట్టలు పడిన రాగి బిందె దిగింది. పాత రాట్నం చక్రం దిగింది. ఒక పెట్టె నిండా కండె పుల్లలు దిగాయి. చివరికి మామ, అత్తమ్మ ఇద్దరూ పట్టుకుని ఆసును దించారు. దాని నిండా సాలెగూళ్లు.

"కోడలా, దీన్నేం జేద్దామంటవు? ఎవలకన్న ఇద్దామన్నా ఇప్పుడు ఎవలు తీస్కుంటరు?" అన్నాడు మామ.

నేను నోరు తెరిచేలోపే వంటింటి గడపలోంచి మా అమ్మ, "పొయ్యిల పెట్టున్రి," అంది.

అంత మాట ఎందుకందో చెప్పాలంటే, ముందు ఆ ఆసు ఎవరిదో చెప్పాలి.

అది మా అమ్మమ్మది. నేను మాత్రం ఆమెను అమ్మమ్మ అని ఎన్నడూ పిలవలేదు. అమ్మా అనే పిలిచాను. కన్నతల్లిని "భీవండి అమ్మ" అనేదాన్ని. నల్లగొండ పద్మశాలి ఇళ్లలో పుట్టినవాళ్లకు ఇది వింతేం కాదు. చేతి మగ్గం మీద ఇల్లు గడవక భీవండికో, సోలాపురానికో, సూరతుకో మరమగ్గాలకు వెళ్లని ఇల్లు మా వైపు తక్కువ. మా నాన్న, అమ్మ నా ఐదో ఏట భీవండి వెళ్లారు. తమ్ముడు చంటివాడు కాబట్టి వాళ్లతో వెళ్లాడు. బడి ఉందని నన్ను అమ్మమ్మ దగ్గర వదిలారు. ఏడాదికి రెండుసార్లు వచ్చేవాళ్లు. వచ్చినప్పుడల్లా మా అమ్మ నాకో గౌను తెచ్చేది, ఎప్పుడూ ఒక ఏడాది చిన్న సైజు. నేను ఎంత పెరిగానో ఆమెకు అందేది కాదు.

అమ్మమ్మ రజాకార్ల గడబిడ ఏడాది పుట్టిందట. పుట్టిన రోజు, తారీఖు ఎవరికీ తెలియదు. ఆధార్ కార్డులో జనవరి ఒకటి. ఇంకో సంగతి, నల్లగొండ జిల్లాలో పుట్టి, ఇల్లు కదలకుండానే యాదాద్రి భువనగిరి జిల్లాలో పోయింది. 2016లో జిల్లాలు మార్చినప్పుడు, "మనం యాడికి పోయినం బిడ్డా?" అని అడిగింది. ఎక్కడికీ పోలేదంటే, "మరి గింత లొల్లేంది?" అంది.

ఇల్లు చిన్నది. ముందు అర్రలో గుంట మగ్గం, అక్కడ తాత. నడిమి అర్రలో ఆసు, అక్కడ అమ్మమ్మ. వెనక వంట. పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చి, సాన్పు చల్లి, బోరింగు దగ్గర రెండు బిందెలు కొట్టుకొచ్చి, జొన్న రొట్టెలు చేసి, తాతకు పెట్టి, నాకు సద్ది కట్టి, అప్పుడు ఆసు ముందు కూర్చునేది. ఇవన్నీ పని కాదు ఆమె లెక్కలో. కూర్చున్నాకే పని మొదలు.

మీలో చాలామంది దగ్గర పోచంపల్లి చీర ఉండే ఉంటుంది. ఆ చీర ఎట్లా అవుతుందో కొంచెం చెబుతాను, ఓపిక పట్టండి. ఈ చీరలో బొమ్మ నేశాక అద్దింది కాదు, నేయకముందే నూలు మీద ఉంటుంది. ఎక్కడ ఏ రంగు రావాలో ముందే లెక్క కట్టి, దారానికి అక్కడక్కడా ట్యూబు రబ్బరుతో బిగించి కట్టి, రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు ఎక్కదు. విప్పి, మళ్లీ కట్టి, మళ్లీ ఇంకో రంగు. ఆ తర్వాత నేస్తే పోగు పోగు పక్కన చేరి పువ్వో, పక్షో తేలుతుంది. అందుకే బొమ్మ అంచులు కొంచెం చెదిరినట్టు ఉంటాయి, చీర రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది. కొనేటప్పుడు తిప్పి చూడండి. వెనక వైపు వెలిసినట్టుంటే అది అచ్చు వేసింది, నేసింది కాదు.

దారానికి కట్లు కట్టాలంటే ముందు ఆ దారం ఒక వరుసలో పరుచుకుని ఉండాలి కదా. ఆ పరవడమే ఆసు పోయడం. ఒక చట్రం. కింద ఒక మేకు, ఎదురుగా సగం చందమామలాగా వంపు తిరిగిన చెక్క, దాని మీద వరుసగా మేకులు. దారాన్ని కింది మేకు నుంచి పైదాకా తీసుకెళ్లి, ఒక మేకు చుట్టూ తిప్పి, మళ్లీ కిందికి తేవాలి. మళ్లీ పైకి. మళ్లీ కిందికి. ఒక్కో మేకు మీద ఇన్ని పోగులని లెక్క. ఆ లెక్క ఎక్కడ తప్పినా బొమ్మ చెదిరిపోతుంది. ఒక చీరకు చెయ్యి ఇంచుమించు మీటరు దూరం 9,000 సార్లు తిరగాలి. నాలుగైదు గంటలు. సీజనులో రోజుకు రెండు చీరలు పోసేవాళ్లు, అంటే 18,000 సార్లు. మగ్గం మగవాళ్లది, ఆసు ఆడవాళ్లది. మా ఊళ్లో, పక్కన సిరిపురంలో, వెల్లంకిలో ఏ చిటికి చీర వెనకైనా ఒక ఆడమనిషి భుజం ఉంది.

మొన్న ఒకరోజు గ్యాసు బుక్కు వెనక లెక్క వేశాను. అలవాటు, పాల లెక్క వేసే చెయ్యి కదా. తిరిగిన ప్రతిసారీ ఒక్క మీటరే అనుకుందాం. చీరకు తొమ్మిది కిలోమీటర్లు. రోజుకు ఒక్క చీరే, ఏడాదికి 300 రోజులే అనుకున్నా 2,700 కిలోమీటర్లు. ఆమె పద్నాలుగో ఏట కాపురానికి వచ్చి ఆసు ముందు కూర్చుంది. నలభై ఏళ్లకు 1,08,000 కిలోమీటర్లు. భూమి చుట్టూ తిరిగితే 40 వేలు. అంటే మా అమ్మమ్మ కుడిచెయ్యి భూమిని రెండున్నర సార్లకు పైగా చుట్టింది. మనిషి మాత్రం గుట్ట, హైదరాబాదు, ఒకే ఒక్కసారి భీవండి తప్ప ఏ ఊరూ చూడలేదు.

ఆ చెయ్యి నాకు తెలిసినప్పటి నుంచే భుజం కంటే పైకి లేచేది కాదు. ఆసు మీద తిరిగినంత మేరే తిరిగేది. అందుకే మా ఇంట్లో దండెం నడుము ఎత్తులో ఉండేది, తాత లుంగీలు నేలకు రాసుకునేవి. ఉప్పు, చింతపండు, పోపు గురుగులు అన్నీ కిందే, పిల్లి అందుకునేంత కింద. నాకు జడ వెయ్యాలంటే ఆమె గడప మీద కూర్చునేది, నేను రెండు మెట్లు దిగి వాకిట్లో కూర్చునేదాన్ని. అప్పుడు నా తల ఆమె మోకాళ్ల మధ్యకు వచ్చేది. ఎడమ జడ గట్టిగా వచ్చేది, కుడి జడ వదులు. బళ్లో అందరూ నవ్వేవాళ్లు. నేను ఇంటికి వచ్చి ఏడ్చేదాన్ని. "రేపు మంచిగేస్త బిడ్డా" అనేది. రేపు కూడా అట్లాగే వచ్చేది.

బతుకమ్మ ఆడేటప్పుడు అందరూ వంగి లేచి చప్పట్లు కొడుతుంటే ఆమె చప్పట్లు నడుము దగ్గరే మోగేవి. పేర్చడంలో మాత్రం ఆమె తర్వాతే ఎవరైనా. గునుగు పూలు రంగుల్లో ముంచి, తంగేడు మధ్య వరుసలు కుదిర్చి పేరుస్తుంటే మా వాడ ఆడవాళ్లు వచ్చి చూసేవాళ్లు. తీరా చెరువుకు తీసుకెళ్లేటప్పుడు ఆ బతుకమ్మను ఇంకొకరు నెత్తిన పెట్టుకునేవాళ్లు.

రాత్రి నువ్వుల నూనె వేడి చేసి నేను ఆమె భుజానికి రాసేదాన్ని. పది నిమిషాలు. నిజం చెప్పాలంటే ఐదు. ఆమె కళ్లు మూసుకోగానే ఆపేసి పడుకునేదాన్ని. ఆమె నిద్రపోలేదని ఇప్పుడు అనిపిస్తుంది.

ఒకసారి నల్లగొండలో డాక్టరుకు చూపించాం. మా నీళ్ల సంగతి మీరు వినే ఉంటారు, ఫ్లోరైడు. నా ముందు పళ్ల మీద గార ఇప్పటికీ ఉంది, అందుకే ఫొటోల్లో నోరు మూసుకునే ఉంటాను. కీళ్లు పట్టేసినవాళ్లు మా వాడలో ఇంటికొకరు. డాక్టరు ఆమె చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి, ఇది నీళ్లతోనో పనితోనో చెప్పలేనన్నాడు. రెండూ మానెయ్యమన్నాడు. బయటికొచ్చాక అమ్మమ్మ బస్టాండు దాకా నవ్వుతూనే ఉంది.

ఆమె నన్ను కొట్టింది ఒక్కసారే. ఏడో తరగతి అనుకుంటాను. ఆమె బోరింగుకు వెళ్లింది. ఆసు మీద సగం పోసిన దారం. నేను కూర్చుని పోయడం మొదలుపెట్టాను. ఆమెకు సాయం చేద్దామనే అనుకున్నాను, కొంత సరదా కూడా. ఒక ముప్పై సార్లు తిప్పానేమో. వెనక బిందె దబ్బున పెట్టిన చప్పుడు. వీపు మీద ఒక దెబ్బ, ఎడమ చేత్తో. "ఎవలు కూసోమన్నరు? నిన్నెవలు కూసోమన్నరే?" అని అరిచింది. లెక్క తప్పించినందుకు కొట్టిందనుకున్నాను. దారం చూసింది కూడా లేదు. నన్ను రెక్క పట్టి లేపి, చేతిలో పుస్తకం పెట్టి, బయట వేపచెట్టు కింద కూర్చోబెట్టింది. ఆ రోజంతా మాట్లాడలేదు.

అప్పటి నుంచి నాకు ఆసు ముట్టకపోవడం ఒక హక్కు అయింది. కండెలు చుట్టమన్నా, "హోంవర్కు ఉంది" అనేదాన్ని. పదో తరగతి సెలవుల్లో కూడా అనేదాన్ని. ఆమె ఏమనేది కాదు.

నా పెళ్లి 2001లో. పెళ్లి చీరకు ఆసు ఆమెదే, చిటికి మామ కట్టాడు, నేత తాతది. అప్పటికి ఆమె పని తగ్గించింది, రోజుకు కొంచెం కొంచెం పోసి పన్నెండు రోజులు పట్టిందట. నాకు ఆ మాట పెళ్లైన పదేళ్లకు అత్తమ్మ చెప్పింది. ఆ చీర ఇప్పటికి రెండుసార్లు కట్టాను. "పాతకాలం రంగు" అని బీరువాలో కింద పెట్టాను. అవును, నేనే.

మిషను సంగతి ఇక్కడ చెప్పాలి. మాకు ఎంతో దూరం లేని ఆలేరులో చింతకింది మల్లేశం గారని ఒకాయన ఉన్నారు. పద్మశాలి కుటుంబమే. ఆరో తరగతితో బడి మానేశారు. వాళ్లమ్మ లక్ష్మి గారు ఆసు పోసి పోసి భుజం నొప్పితో ఇక పొయ్యలేననడం చూసి, 1992లో ఆసు పోసే మిషను చెయ్యాలని మొదలుపెట్టారు. పిచ్చి అన్నారట అందరూ. 1999లో పూర్తయింది. తల్లి పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం. ఐదు గంటల పని గంటన్నరలో అవుతుంది. 2017లో పద్మశ్రీ వచ్చింది ఆయనకు.

మా వాడలోకి మొదటి మిషను నా పెద్దబిడ్డ పుట్టిన ఏడాది వచ్చింది. అమ్మమ్మ వెళ్లి దాని ముందు పీట వేసుకుని ఒక పూటంతా చూసి వచ్చింది. "ఎట్లుందమ్మా?" అంటే, "అది మల్లుతది బిడ్డా, దానికి నొప్పి లేదు," అంది. తర్వాత నెమ్మదిగా మా ఇంటికి పక్కవాళ్ల నుంచి వచ్చే ఆసు కూలి ఆగిపోయింది. నొప్పి పోయిందని సంతోషించాలా, చేతిలో పది రూపాయలు ఆడడం లేదని బాధపడాలా, ఆమెకే తెలియలేదు. రెండూ పడింది. మిషను చూడ్డానికి వచ్చినవాళ్లు ఈ రెండో మాట రాయరు. అట్లాగని మిషను రావద్దని ఆమె ఒక్కనాడూ అనలేదు.

తాత 2009లో పోయాడు. 2014 నవంబరులో ఆసరా పింఛన్లు మొదలయ్యాయి, అప్పటిదాకా 200 ఉన్నది 1,000 చేశారు. దరఖాస్తు రాయించడానికి నేనే తీసుకెళ్లాను. చెట్టు కింద బల్ల వేసుకుని డబ్బులు తీసుకుని దరఖాస్తులు రాసే కుర్రాడు ఒకడున్నాడు. "అవ్వా, ఏం పని జేసేటిదానివి?" అన్నాడు.

"ఆసు పోస్తుంటి. చేనేత రాయి," అంది.

"మగ్గం నీ పేరు మీదున్నదా?"

"మగ్గం మా ముసలాయనది. ఆసు నాది."

"అది ఇంటిపనే గద అవ్వా. ముసలోళ్ల దాంట్ల రాస్త. పైసలు రెండిట్ల గంతే."

నిజమే, పైసలు అంతే. వృద్ధాప్యమైనా, నేత అయినా వెయ్యే. నేను కూడా "సరే రాయి బాబూ" అన్నాను, ఎండగా ఉంది, వెనక మనుషులున్నారు. ఆమె వేలిముద్ర వేసింది. ఇంటికి వచ్చే దారిలో ఆటోలో ఒక్కటే మాట అంది. "నలభై ఏండ్లు నేనేం జేసినట్టు మరి?"

నేనేం చెప్పలేదు. అంతకు వారం ముందే చిన్నదాని బడి ఫారంలో తల్లి వృత్తి అన్న దగ్గర "ఏమీ లేదు" అని నా చేత్తోనే రాసి వచ్చాను.

2019లో 'మల్లేశం' సినిమా వచ్చింది. అప్పటికి ఆమె కళ్లకు శుక్లాల ఆపరేషను చేయించాలని మా ఇంటికి తెచ్చుకున్నాం. కొన్నాళ్లకు ఇంట్లోనే పెట్టి చూపించాను. ప్రియదర్శి మల్లేశం, తల్లిగా ఝాన్సీ. కథ ఆమెకు పట్టలేదు. పాటలప్పుడు నిద్రపోయింది. ఆసు ముందు ఝాన్సీ కూర్చున్న సీను వచ్చినప్పుడు మాత్రం నిటారుగా కూర్చుంది. నేను టీవీ చూడలేదు, ఆమె ఒడి చూశాను. కుడిచెయ్యి కొంగు కింద చిన్నగా పైకీ కిందికీ ఆడుతోంది.

సినిమా అయ్యాక చాలాసేపు మాట్లాడలేదు. నేను అన్నం కలిపి తెచ్చాక అంది, "ఆ పిలగాడు తల్లి నొప్పి చూసిండు. నేను జూసి గూడ చూడనట్టే ఉంటిని."

నాకు అర్థం కాలేదు. ముసలిదైంది, మాట తడబడింది, మేం ఎవరం తన నొప్పి చూడలేదని అంటోందనుకున్నాను. ఉడుక్కున్నాను కూడా. నూనె రాసింది నేను కాదా, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది మేం కాదా అని మనసులో లెక్కలు చెప్పుకున్నాను. పైకి, "తిను అమ్మా, చల్లారిపోతోంది" అన్నాను.

2022 సంక్రాంతి ముందు పోయింది. మంచంలో పదిహేను రోజులు. స్నానం చేయించేటప్పుడు అత్తమ్మ ఆమె కుడిచెయ్యి నా చేతిలో పెట్టింది. చూపుడు వేలి పక్కన దారం కోసిన గాడి. ఇరవై ఏళ్లుగా ఆసు పోయకపోయినా అది పూడలేదు. పసుపు అందులోకి వెళ్లి పచ్చగా గీత గీసినట్టు నిలిచింది. మా అమ్మ మాత్రం ఆ చెయ్యి ముట్టలేదు, కాళ్ల దగ్గరే కూర్చుంది. తల్లి పోయిన దుఃఖం అనుకున్నాం అందరం.

ఇప్పుడు పెత్రమాస దగ్గరికి వస్తాను.

"పొయ్యిల పెట్టున్రి" అని అమ్మ అనగానే నాకు కోపం వచ్చింది. "అమ్మ చేతి వస్తువు అది. పొయ్యిలో ఎట్లా పెడతాం?" అన్నాను. నేను అమ్మ అన్నది ఎవరినో ఆమెకు తెలుసు. ఆ మాట ముప్పై ఐదేళ్లుగా ఎక్కడో గుచ్చుకుంటూనే ఉంటుంది, నేనెప్పుడూ పట్టించుకోలేదు.

అమ్మ వచ్చి ఆసు పక్కన కూర్చుంది. వంపు చెక్క మీద చెయ్యి వేసింది.

"నన్ను తొమ్మిదో ఏట కూసోబెట్టింది దీని మీద. మీ మామ కడుపుల ఉన్నప్పుడు ఆమె చెయ్యి పట్టేసింది. సావుకారి దగ్గర బయానా తీసుకున్నరు, చీరలు ఇయ్యాలె. మూడో తరగతి నాది. పలక అటక మీద పెట్టి నన్ను దీని ముందట కూసోబెట్టింది. మల్ల బడి మొకం జూడలే. చెయ్యి అందకపోతే పీటల మీద పీట ఏసిండ్రు. ఏడిస్తే ఎత్తుకునేది, ఎత్తుకోని మల్ల దీని ముందటనే కూసోబెట్టేది."

మామ నిచ్చెన మీదే నిలబడిపోయాడు. ఆయనకూ తెలియదట.

"మరి నన్నెందుకు ఆమె దగ్గర వదిలి పోయినవ్?" అన్నాను. గొంతు నాదిలా లేదు.

"నీ బడి కోసం. భీవండిల తెలుగు బడి దూరం, పొద్దంత మేం మగ్గాల కాడ. పోయేటి దినం ఆమెను గుట్ట నర్సింహసామి మీద ఒట్టేయించుకున్న. నా బిడ్డను ఆసు మీద కూసోబెట్టొద్దు, ఒక్కసారి గూడ కూసోబెట్టొద్దని. ఏసింది ఒట్టు. నా కాళ్లు వట్టుకోని ఏసింది."

అప్పుడు తెలిసింది నాకు ఆ ఎడమచేతి దెబ్బ ఎందుకో. బిందె దబ్బున ఎందుకు పెట్టిందో. సినిమా చూశాక అన్న మాట ఎవరి గురించో. నేను నూనె రాసిన లెక్కలు చెప్పుకుంటున్నప్పుడు ఆమె తన బిడ్డను తలుచుకుంటోంది.

నన్ను ఊరికే అంత ముద్దు చేసిందనుకుంటూ బతికాను ఇన్నేళ్లూ. ఆ ముద్దు వెనక ఇద్దరు ఆడవాళ్ల మధ్య ఒక ఒప్పందం ఉంది. ఒకరు అడిగారు, ఒకరు నిలబెట్టుకున్నారు. నాకు గౌను సైజు సరిగా తేలేని అమ్మను లోపల్లోపల ఎంత చిన్నచూపు చూశానో తలుచుకుంటే, ఇది రాస్తున్నప్పుడు కూడా చెవులు వేడెక్కుతున్నాయి. అమ్మమ్మ మీద ప్రేమ తగ్గిందా అంటే తగ్గలేదు. కానీ ఇదివరకటిలా సులువుగా లేదు. తొమ్మిదేళ్ల పిల్లను పీటల మీద కూర్చోబెట్టిన చెయ్యే నాకు జడలు వేసింది. ఆ రెండు చేతులను ఒకటిగా చూడడం నాకింకా అలవాటు కావాలి.

సాయంత్రం బతుకమ్మ ఆడాం. అమ్మ పేర్చింది. పేర్చే తీరు అచ్చం అమ్మమ్మదే, తంగేడు మధ్య గునుగు వరుస. ఎవరూ ఆ మాట పైకి అనలేదు.

ఆసును నేనే తెచ్చుకున్నాను. కారు వెనక సీటు మడిచి, దుప్పటి చుట్టి. మావారు, "ఎక్కడ పెడతావు ఇంత పెద్దది?" అన్నారు. ఆ సంగతి నేనూ ఆలోచించలేదు. హాల్లో పెడితే ఏదో ప్రదర్శన పెట్టినట్టు ఉంది. చివరికి బాల్కనీలో గోడకు ఆనించాను. రెండో రోజే చిన్నది ఆ మేకులకు సాక్సులు ఆరేసింది. అరవబోయి ఊరుకున్నాను. దాని ఎత్తుకు సరిగ్గా అందుతున్నాయి.

దసరా అయ్యాక అమ్మ మా ఇంటికి వచ్చింది, పది రోజులు ఉంది. ఆసును చూసింది, ఏమీ అనలేదు. మూడో రోజో నాలుగో రోజో మధ్యాహ్నం నేను గిన్నెలు సర్దుతూ వెనక్కి తిరిగితే బాల్కనీలో కింద కూర్చుని ఉంది. సాక్సులు తీసి పక్కన మడత పెట్టింది. కొంగుతో ఒక్కో మేకూ తుడుస్తోంది, కింది నుంచి పైకి, వరుసగా, లెక్క పెడుతున్నట్టు పెదవులు కదుపుతూ. నన్ను చూసి ఆగింది.

"చివరి మేకు వదులైంది," అంది. "మీ మామ వచ్చినప్పుడు కొట్టియ్యి."